నాడీశాస్త్రాలు బహువచనంలో ఉన్న రోజులు

న్యూరోసైన్స్ అన్న మాటను తెలుగులో ఏమనాలి? నాడీశాస్త్రం, నాడీవిజ్ఞానం, నరాల శాస్త్రం అంటూ తలా ఒక రకంగా రాస్తున్నాం. ఏది రాసినా కొంత చిక్కే. నాడి అనగానే వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసేది ముందు స్ఫురిస్తుంది. ఆ తరువాత తాళపత్రాలు తిరగేసి జాతకం చెప్పే నాడీజ్యోతిషం, యోగశాస్త్రంలోని ఇడా పింగళా సుషుమ్నలు వరుసకడతాయి. మెదడు ఎక్కడో చివరన వస్తుంది. ఈ టపాకు నాడీశాస్త్రం అన్న మాటనే తీసుకుంటున్నాను. అయితే నేను చెప్పదలచుకున్న ముచ్చట నాడి గురించి కాదు, దాని వెనుక ఉన్న శాస్త్రం ఏకవచనమా బహువచనమా అన్నదాని గురించి.

1962లో ఈ మాటకు ఒక సంస్థ పేరులో చోటు దొరికినప్పుడు అది బహువచనం. న్యూరోసైన్సెస్ రిసెర్చ్ ప్రోగ్రామ్ అన్నది ఆ సంస్థ పేరు. దానిని స్థాపించినవాడు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే మన వాళ్ళందరూ ఎంఐటీ అని పిలుచుకునే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఫ్రాన్సిస్ ఓటో ష్మిట్. దానికి ముందు ఆయన అక్కడే రెండు సదస్సుల పరంపరలు నడిపాడు. ఆ సదస్సులు ఏ సిద్ధాంతాన్ని నమ్ముకుని మొదలయ్యాయో ఆ సిద్ధాంతం నిలవలేదు. ఆ సదస్సులు నాటిన విద్య మాత్రం ఈనాడు ప్రపంచంలోని పెద్ద విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ ఉంది. ఇది ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసం.

*

ముందుగా ఆనాటి పరిస్థితి కొంత చెప్పాలి. మెదడును గురించిన విద్య ఒక్కటిగా ఉండేది కాదు. సూక్ష్మదర్శిని కింద నాడీకణాలకు రంగులు పట్టించి చూసేవారు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు. వాటిలోని విద్యుత్ స్పందనలను కొలిచేవారు శరీరధర్మ శాస్త్రజ్ఞులు. ఎలుకలను చిక్కుదారులలో పరుగెత్తించేవారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు. రోగులను చూసేవారిలో నరాల వైద్యులు, మానసిక వైద్యులు అంటూ మళ్ళీ రెండు తెగలు. వీరందరికీ వేరువేరు సంఘాలు, వేరువేరు పత్రికలు, వేరువేరు పరిభాషలు. 1906లో ఇటలీకి చెందిన గోల్జీ, స్పెయిన్‌కు చెందిన కహాల్ ఒకే నోబెల్ బహుమతిని పంచుకుని, దానిని అందుకునే వేదిక మీదనే పరస్పరం విరుద్ధమైన ఉపన్యాసాలు ఇచ్చారు. నాడులన్నీ కలిసిపోయిన ఒకే వల అని ఒకరు, విడివిడి కణాల సముదాయమని మరొకరు. వాదం ఎంత తీవ్రమైనదైనా, వారిద్దరూ కనీసం ఒకే విద్యలోని వారు, ఒకరు కనిపెట్టిన రంగునే మరొకరూ వాడినవారు. అర్ధ శతాబ్దం గడిచేసరికి మెదడును చదివేవారిలో ఒకరి మాట ఒకరికి అర్థం కావడమే కష్టమైపోయింది.

గోడలు పడగొట్టే ప్రయత్నాలు అంతకు ముందు జరగలేదని కాదు. 1946 నుంచి 1953 దాకా మేసీ సంస్థ ఆధ్వర్యంలో పది సమావేశాలు జరిగాయి. వారెన్ మెకల్లాక్ అధ్యక్షత వహించిన ఆ సమావేశాలలో నార్బర్ట్ వీనర్, జాన్ వాన్ నోయ్మన్ వంటి గణితజ్ఞులు, మార్గరెట్ మీడ్, గ్రెగరీ బేట్సన్ వంటి మానవశాస్త్రజ్ఞులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. సైబర్నెటిక్స్ అన్న ఆలోచన లోకంలోకి వెళ్ళింది ఆ బల్ల మీదుగానే. వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధనా సంస్థలో డేవిడ్ రియోక్ అనే ఆయన శరీర నిర్మాణం, విద్యుత్ కొలతలు, ప్రవర్తన తెలిసినవారిని ఒకే కప్పు కిందికి చేర్చాడు. కనుక ష్మిట్ శూన్యంలోంచి దిగి రాలేదు. ఆయన చేసిన కొత్త పని ఏమిటంటే, ఈ కలయికలోకి రసాయన శాస్త్రాన్నీ, అప్పుడే పుట్టిన అణు జీవశాస్త్రాన్నీ తీసుకురావడం.

*

ష్మిట్ 1903లో అమెరికాలోని సెయింట్ లూయీలో పుట్టాడు. 1941లో ఎంఐటీకి వచ్చి అక్కడి జీవశాస్త్ర విభాగాన్ని చాలాకాలం నడిపాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అప్పుడప్పుడే ప్రయోగశాలలకు వస్తున్న రోజులు. దానికింద చర్మంలోనూ స్నాయువులలోనూ ఉండే కొల్లాజెన్ పోగులను పెట్టి చూసి, వాటి మీద దాదాపు 64 నానోమీటర్లకు ఒకటి చొప్పున క్రమంగా వచ్చే చారలను 1942లో చూపినవారిలో ఆయన ఒకడు. కంటికి కనిపించే దేహపదార్థం లోపల అణువులు ఇంత లెక్కగా పేర్చి ఉంటాయన్నది ఆయనకు జీవితాంతం వదలని విశ్వాసం.

ఇంజనీరింగ్ చదివిన బ్లాగ్మిత్రులకు ఇక్కడ ఒక చిన్న కానుక. ష్మిట్ ట్రిగ్గర్ అనే విద్యుత్ వలయం గురించి మీరు చదివే ఉంటారు. దానిని కనిపెట్టిన ఓటో ష్మిట్ ఈయనకు స్వయానా తమ్ముడు. స్క్విడ్ అనే సముద్రజీవి నాడిలో స్పందన ఎలా పాకుతుందో పరిశీలిస్తూ, ఆ నాడి పనిచేసే తీరును విద్యుత్ పరికరంలో అనుకరించబోయి ఆయన తయారుచేసిన వలయమది. అన్నగారు కూడా స్క్విడ్ నాడుల వెంటనే పడ్డాడు. స్క్విడ్ దేహంలోని మహానాడి కంటికి కనిపించేంత లావుగా ఉంటుంది. గొట్టంలోంచి పేస్టు పిండినట్టు దానిలోని ద్రవ్యాన్ని బయటికి పిండవచ్చు. ఆ ద్రవ్యం చాలినంత దొరకడానికి, మరింత పెద్ద స్క్విడ్‌లు దొరికే దక్షిణ అమెరికాలోని చిలీ తీరం దాకా ఆయన బృందం వెళ్ళింది. నాడిలోని విద్యుత్తును అందరూ కొలుస్తున్నారు, ఆ నాడి ఏ పదార్థంతో తయారైందో చూసేవారు తక్కువ అన్నది ఆయన ఫిర్యాదు.

1958 వేసవిలో కొలరాడో రాష్ట్రంలోని బోల్డర్ పట్టణంలో జీవభౌతిక శాస్త్రం మీద కొన్ని వారాల పాటు ఒక అధ్యయన శిబిరం జరిగింది. దాని వెనుక ఉన్న ప్రముఖులలో ష్మిట్ ఒకడు. భౌతిక శాస్త్రజ్ఞులు, జీవశాస్త్రజ్ఞులు కొండల మధ్య కుటుంబాలతో సహా దిగి, ఒకరికొకరు పాఠాలు చెప్పుకుని, చివరకు ఆ పాఠాలన్నింటినీ ఒక పెద్ద గ్రంథంగా వెలువరించారు. ఒక కొత్త విద్యకు సరిహద్దులు గీయడానికి పరిశోధన ఒక్కటే చాలదనీ, జనాన్ని తగినంత కాలం ఒకచోట కూర్చోబెట్టాలనీ ఆయనకు అక్కడ తెలిసివచ్చిందని నా ఊహ.

ఆ తరువాత 1960లో ఎంఐటీలో ఆయన ఒక సదస్సుల పరంపర పెట్టాడు. నీటిలో జరిగే అతివేగ రసాయన చర్యలు దాని విషయం. జర్మనీలోని గోటింగెన్ నుంచి మాన్‌ఫ్రెడ్ ఐగెన్ దానిలో ప్రధాన పాత్ర వహించాడు. సెకనులో లక్షోవంతు, కోట్లోవంతు కాలంలో ముగిసిపోయే చర్యలను కొలిచే విద్య ఐగెన్‌ది, దానికే 1967లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆలోచన వేగానికీ రసాయన చర్యల వేగానికీ ఏదో సంబంధం ఉండి తీరాలన్నది ష్మిట్ ఆశ. మరుసటి సంవత్సరం, 1961లో, అసలు సదస్సులు వచ్చాయి. వాటి విషయం బృహదణువుల ప్రత్యేకత, జీవుల జ్ఞాపకశక్తి. ఆ ప్రసంగాలు 1962లో ఎంఐటీ ప్రచురణగా వెలువడ్డాయి.

*

ఈ రెండవ పరంపర వెనుక ఉన్న తర్కం చాలా అందమైనది. కొంచెం నిదానంగా చూద్దాం.

దేహానికి మూడు రకాల జ్ఞాపకాలు ఉన్నాయి. ఒకటి వంశపారంపర్యం. తండ్రి ముక్కు కొడుకుకు వస్తున్నదంటే ఎక్కడో రాసి పెట్టి ఉండాలి. ఆ రాత డీఎన్ఏ అనే పొడవాటి బృహదణువులో ఉందని 1953లో తేలింది. ఆ లిపిలోని మొదటి అక్షరాన్ని మార్షల్ నిరెన్‌బర్గ్ చదివినది సరిగ్గా 1961లోనే. రెండవది రోగనిరోధక శక్తి. ఒకసారి వచ్చిన తట్టు మళ్ళీ రాదంటే దేహం ఆ శత్రువును గుర్తుపెట్టుకున్నదనేగా. ఆ గుర్తింపు కూడా బృహదణువుల పనే, ఆంటీబాడీ అనే ప్రోటీనులది. ఇక మూడవది మెదడులోని జ్ఞాపకం. మొదటి రెండూ బృహదణువులలో ఉండగా మూడవది మాత్రం వేరేచోట ఎందుకు ఉండాలి? మనం నేర్చిన పద్యం, చిన్ననాటి ఇంటి వాకిలి, అమ్మ గొంతు, ఇవన్నీ ఏదో ఒక ప్రోటీను లేదా ఆర్ఎన్ఏ అణువుల వరుసలో రాసి ఉంటాయి. ఆ లిపిని చదివితే చాలు. జన్యులిపి తాళం తీస్తున్న కాలంలో ఇంతకంటె సహజమైన ఊహ మరొకటి ఉండదు.

మనకు ఈ ప్రశ్న తీవ్రత తెలియాలంటే అవధానాన్ని తలచుకుంటే చాలు. అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలు చెబుతూ పోయి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి విసిరే చమత్కారాలకు బదులిస్తూ, చివరన అన్ని పద్యాలనూ మొదటి నుంచి అప్పజెబుతాడు. శతావధానమైతే ఆ ధారణ రోజుల తరబడి నిలవాలి. కాగితం లేదు, కలం లేదు. మరి రెండు రోజుల కిందట చెప్పిన మూడవ పాదం ఈ రెండు రోజులూ ఎక్కడ ఉంది? సరస్వతీ కటాక్షమని మన సమాధానం. అణువులలో ఉందని 1961 నాటి సదస్సుల సమాధానం. రెండు సమాధానాలలోనూ ఒక భక్తి ఉందన్న సంగతి దాచనక్కరలేదు.

*

సదస్సులు ముగిశాక ష్మిట్ ఊరుకోలేదు. మనస్సు అన్న అర్థం గల లాటిన్ మాట తీసుకుని మెన్స్ ప్రాజెక్టు అని ఒక ప్రణాళిక తయారుచేశాడు. మన మనస్సుకు ఆ మాట దూరపు చుట్టమేనని భాషాశాస్త్రం తెలిసినవారు చెబుతారు. ఆ ప్రణాళికే 1962లో న్యూరోసైన్సెస్ రిసెర్చ్ ప్రోగ్రామ్‌గా పేరు మార్చుకుంది. పేరు మారడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. మనస్సు ఏకవచనం. మొదటి పేరు సమాధానం వైపు చూస్తుంది. శాస్త్రాలు అన్న బహువచనం, అందులో పాల్గొనవలసిన వారి వైపు చూస్తుంది.

ఆ వారెవరో చెప్పడానికి ష్మిట్ ఒక చమత్కారమైన విభజన వాడేవాడు. తడి, చెమ్మ, పొడి. నేను అర్థం చేసుకున్నంతలో తడిది జీవరసాయనం, పొడిది గణితమూ కంప్యూటర్లూ, నడుమ చెమ్మగా ఉండేది నాడుల విద్యుత్తు. పరీక్షనాళికలు పట్టినవారి చేతులు తడిగా ఉంటాయి, సుద్దముక్క పట్టినవారి చేతులు పొడిగా ఉంటాయి. మెదడు మాత్రం ఈ మూడూను.

సంస్థకు చోటు బోస్టన్ నగరం అంచున బ్రూక్‌లైన్‌లో, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ వారు ఉంటున్న బ్రాండిజీ భవనంలో దొరికింది. తోటల మధ్య పాతకాలపు జమీందారీ మేడ వంటిది. డబ్బు ఎన్ఐహెచ్, నాసా వంటి ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చింది. అక్కడ ప్రయోగశాల లేదు. ఒక్క ఎలుక లేదు. ఉన్నవి కుర్చీలు, నల్లబల్ల, గ్రంథాలయం, రాసుకునే సిబ్బంది. పరిశోధనా సంస్థ అని పేరు పెట్టుకుని పరిశోధన చేయని సంస్థ అది. మాట్లాడుకోవడమే దాని పని.

మొదటి సంవత్సరాలలో అక్కడ సహచరులుగా చేరినవారిని చూడండి. వేగరసాయనం నుంచి ఐగెన్, కిరణజన్య సంయోగక్రియను విప్పి 1961లో నోబెల్ పొందిన మెల్విన్ కాల్విన్, జన్యులిపి చదివిన నిరెన్‌బర్గ్, మానసిక వైద్యంలో పేరుపొందిన సీమోర్ కెటీ, వెన్నెముక లేని జీవుల నాడులను జీవితమంతా చదివిన థియోడోర్ బుల్లక్, చచ్చిపోతున్న నాడీతంతువులకు వెండి రంగు పట్టించి వాటి దారులు కనిపెట్టిన వాలె నౌటా, మెదడు పైపొరలో కణాలు నిలువు స్తంభాలుగా పనిచేస్తాయని 1957లో చూపిన వెర్నన్ మౌంట్‌కాసిల్, ఒక్కొక్క నాడీకణాన్ని చేతితో వేరుచేసి దానిలోని ఆర్ఎన్ఏను తూచిన స్వీడన్ దేశీయుడు హోల్గర్ హీడెన్. వీరిలో సగంమందికి మిగతా సగంమంది చదివే పత్రికల పేర్లు కూడా తెలిసి ఉండవు.

అక్కడి పని పద్ధతి ఇలా ఉండేది. ఒక విషయం ఎంచుకుంటారు. దానికి సంబంధించిన వేరువేరు విద్యలవారిని ఇరవైమందికి అటూ ఇటూ పిలుస్తారు. రెండు మూడు రోజులు కూర్చుంటారు. సిద్ధం చేసుకొచ్చిన పత్రాలు చదవడం కంటె అడ్డుతగిలి ప్రశ్నలడగడమే ముఖ్యం. అవధాన పరిభాషలో చెప్పాలంటే ప్రతివాడూ పృచ్ఛకుడే, తన వంతు వచ్చినప్పుడు ప్రతివాడూ అవధానే, పరాయి విద్యలోకి తలదూర్చినప్పుడు ప్రతివాడూ అప్రస్తుత ప్రసంగే. తరువాత ఆ చర్చనంతా ఒకరు కూర్చి, సంస్థ బులెటిన్‌లో బయటివారికి కూడా అర్థమయ్యేలా ప్రచురిస్తారు. చర్చ గాలిలో కలిసిపోకుండా రాతలోకి దించడం అన్నది ష్మిట్ పట్టుబట్టిన విషయం.

1966 వేసవిలో మళ్ళీ బోల్డర్. ఈసారి వారాల తరబడి నాడీశాస్త్రాల అధ్యయన శిబిరం. దాని గ్రంథం 1967లో వచ్చింది. ఆ తరువాత 1969, 1972, 1977 సంవత్సరాలలో మరి మూడు శిబిరాలు, 1970, 1974, 1979లలో మరి మూడు మహాగ్రంథాలు. ఒక్కొక్కటీ చేతితో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టే సైజు. పాఠ్యపుస్తకమే లేని విద్యకు ఈ నాలుగు సంపుటాలూ కొంతకాలం పాఠ్యపుస్తకాలయ్యాయి.

*

ఈ లోపల ఆ అందమైన ఊహ సంగతి ఏమైంది?

మొదట్లో అంతా అనుకూలంగానే కనిపించింది. సన్నని తీగ మీద తూలకుండా నడవడం నేర్చిన ఎలుకల నాడీకణాలలో ఆర్ఎన్ఏ మారుతున్నదని హీడెన్ 1962లో ప్రకటించాడు. అదే సంవత్సరం మిచిగాన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెకానెల్ మరింత విచిత్రమైన సంగతి చెప్పాడు. ప్లనేరియా అనే చదును పురుగులకు ఒక పాఠం నేర్పి, వాటిని ముక్కలు చేసి, ఏమీ నేర్వని పురుగులకు తినిపిస్తే తిన్నవి ఆ పాఠాన్ని త్వరగా నేర్చుకున్నాయట. గురువును భక్షించి విద్య సంపాదించడమన్నమాట. పత్రికలకు పండుగే పండుగ. ఎలుకల మెదడు సారాన్ని ఎలుకలకు ఎక్కించే ప్రయోగాలు మొదలయ్యాయి. 1966లో సైన్స్ పత్రికలో 23 మంది పరిశోధకులు సంతకాలు చేసి, తమ వేరువేరు ప్రయోగశాలలలో ఎంత ప్రయత్నించినా ఆ ఫలితం రాలేదని లేఖ ప్రచురించారు. అయినా ఆశ చావలేదు. హ్యూస్టన్‌లో జార్జెస్ ఉంగర్ చీకటికి భయపడడం నేర్పిన ఎలుకల మెదళ్ళ నుంచి స్కోటోఫోబిన్ అనే చిన్న ప్రోటీను ముక్కను వేరు చేశానని 1972లో నేచర్ పత్రికలో రాశాడు. అది భయాన్ని రాసిపెట్టిన అణువని ఆయన వాదం. 1977లో ఆయన మరణించడంతో ఆ పరిశోధన కూడా ఆగిపోయింది.

జ్ఞాపకానికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క అణువు లేదు. అక్షరాలలో పద్యం ఉన్నట్టుగా ఆర్ఎన్ఏ వరుసలో అమ్మ గొంతు లేదు.

మరి ఎక్కడ ఉంది? బోల్డర్ శిబిరం నుంచి వచ్చిన ఆ 1967 సంపుటంలోనే ఎరిక్ కాండెల్ అనే యువకుడి వ్యాసం ఒకటి ఉంది. అభ్యసనాన్ని కణాల స్థాయిలో చదవడం గురించి. ఆయన ఎంచుకున్న ప్రాణి అప్లీసియా అనే సముద్రపు నత్త. దానికి ఉన్నవి దాదాపు ఇరవై వేల నాడీకణాలు మాత్రమే, అందులో కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి. ఆ నత్త ఏదైనా నేర్చినప్పుడు మారేది కణానికీ కణానికీ నడుమ ఉన్న సంధి బలం అని ఆయన బృందం తరువాతి సంవత్సరాలలో చూపింది. కొద్దిసేపు నిలిచే జ్ఞాపకానికి ఉన్న సంధి కొంత బలపడితే చాలు. చిరకాలం నిలవాలంటే కణకేంద్రంలోని జన్యువులు మేల్కొని, కొత్త ప్రోటీనులు తయారై, కొత్త సంధులు మొలవాలి. మెదడులో ప్రోటీనుల తయారీని మందుతో ఆపితే ఎలుకలలో జ్ఞాపకం పోతుందని లూయీ ఫ్లెక్స్‌నర్ బృందం 1963లోనే చూపి ఉన్నది. ఈ దారిలో చేసిన కృషికే కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

గమనించండి. బృహదణువులు కథలో నుంచి వెళ్ళిపోలేదు. వాటి ఉద్యోగం మారింది. ష్మిట్ వాటిని శాసనం చెక్కిన రాయి అనుకున్నాడు. అవి రాయి కాదు, గోడ కట్టే తాపీమేస్త్రీలు. జ్ఞాపకం అన్నది గోడల అమరికలో ఉంది. మేస్త్రీలు పని మానేస్తే గోడ లేవదు, కాని మేస్త్రీని పట్టుకుని ప్రశ్నిస్తే ఇంటి పటం చెప్పలేడు. ఈ వాదం పూర్తిగా ముగిసిందని అనడానికి కూడా లేదు. 2018లో లాస్ ఏంజెలస్‌లోని డేవిడ్ గ్లాంజ్‌మన్ బృందం, అనుభవం పొందిన అప్లీసియా నుంచి తీసిన ఆర్ఎన్ఏను మరొకదానికి ఎక్కిస్తే ఆ అనుభవపు జాడ కొంత కనిపించిందని ప్రకటించింది. ఎక్కువమంది ఇంకా సందేహంగానే చూస్తున్నారు.

*

ఒక సంస్థ పుట్టినదే ఒక ఊహను రుజువు చేయడానికైతే, ఆ ఊహ వీగిపోయిన రోజున సంస్థ కూడా మూతపడాలి. ఇక్కడ అలా జరగలేదు. ఎందుకని నేను చాలా ఆలోచించాను. నాకు తోచిన కారణం ఆ బహువచనమే.

ష్మిట్‌కు తన ఊహ మీద ఎంత మోజు ఉన్నా, దానిని నమ్మనివారినే ఎక్కువమందిని బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. మౌంట్‌కాసిల్‌కు, నౌటాకు, బుల్లక్‌కు జ్ఞాపకపు అణువులతో పని లేదు. కణాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయన్నదే వారి చింత. హీడెన్ అదే బల్ల దగ్గర వారి ప్రశ్నలకు ఎదురుగా కూర్చున్నాడు. సంవత్సరాలు గడిచేకొద్దీ బులెటిన్ విషయసూచికలో అణులిపి తగ్గుతూ, సంధులు, కణత్వచాలు, నాడీవలయాలు పెరుగుతూ వచ్చాయి. ఎవరూ ఓడిపోయామని ప్రకటించవలసిన అవసరం రాలేదు. సంభాషణ తనంతట తానే దారి మళ్ళింది.

రోగనిరోధక శాస్త్రంతో పెట్టిన పోలికకు కూడా మరో జన్మ దక్కింది. ఆంటీబాడీ నిర్మాణం విప్పి 1972లో నోబెల్ పొందిన జెరాల్డ్ ఎడెల్మన్ ఈ బృందంలో చేరాడు. దేహం శత్రువును చూసి ఆంటీబాడీని కొత్తగా పోతపోయదు, ముందే ఉన్న లక్షల రకాలలో సరిపోయినదానిని ఎంచి పెంచుతుంది అన్నది ఆయన విద్యలో అప్పటికే స్థిరపడిన సత్యం. మెదడు కూడా అంతే చేస్తుందేమో, అనుభవం కొత్త రాత రాయదు, ముందే ఉన్న కణసమూహాలలో కొన్నింటిని ఎంచి బలపరుస్తుందేమో అన్నది ఆయన ప్రతిపాదన. 1978లో మౌంట్‌కాసిల్‌తో కలిసి ఆయన వెలువరించిన చిన్న పుస్తకం ఈ శిబిరాల నుంచి పుట్టినదే. ఆ ప్రతిపాదన మీద ఇప్పటికీ తగవులున్నాయి. కాని 1961 నాటి పోలికలో తప్పు భాగం రాలిపోయి, ఫలించే భాగం వేరొకరి చేతిలో మొలకెత్తిందన్నది మాత్రం నిజం.

లోపాలు చెప్పకపోతే ఇది స్తోత్రపాఠం అవుతుంది. ఆ బల్ల దగ్గరికి ఆహ్వానం ఉంటేనే ప్రవేశం. అప్పటికే కీర్తి ఉన్నవారు కీర్తి ఉన్నవారిని పిలుచుకున్న సభ అది. స్త్రీలు వేళ్ళమీద లెక్కించదగినంతమంది. ప్రయోగశాలలో రాత్రింబవళ్ళు పనిచేసే కుర్రకారుకు ఆ తోటల మేడ అందని మేడే. ఆ లోటు తీర్చింది మరొక సంస్థ. 1969లో స్థాపించబడిన సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ తలుపులు బార్లా తీసింది. దానికి ఎన్నికైన మొదటి అధ్యక్షుడు ష్మిట్ బల్ల దగ్గర కూర్చున్న మౌంట్‌కాసిలే. 1971లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి వార్షిక సమావేశానికి సుమారు 1,400 మంది వచ్చారు. ఇటీవలి సమావేశాలకు ఇరవై వేలకు పైగా వస్తున్నారు. ఆ సంఘం పేరులో బహువచనం లేదన్నది చూశారా? ఏడేళ్ళలో శాస్త్రాలు శాస్త్రమైపోయాయి. ష్మిట్ సంస్థ తన పని తాను ముగించుకుని 1982లో నిష్క్రమించింది. ఆయన 1995 దాకా జీవించాడు.

*

మన విశ్వవిద్యాలయాలలో సదస్సులకు కొదవ లేదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, ముఖ్య అతిథి కీలకోపన్యాసం, శాలువా, జ్ఞాపిక, ఆపైన పది నిమిషాల చొప్పున పత్ర సమర్పణ, గంట మోగగానే తరువాతి వక్త. ప్రశ్నలకు సమయం లేదని అధ్యక్షులవారు విచారం ప్రకటిస్తారు. నేను కూర్చున్న సభలలో చాలావరకు ఇంతే. తెలుగు శాఖలో జరిగే భాషా సదస్సుకు మెదడు చదివినవారు రారు, వైద్య కళాశాలలో జరిగే సభకు భాషాశాస్త్రజ్ఞులను పిలవరు. మాట పోయిన పక్షవాత రోగికి ముందుగా తిరిగి వచ్చేది తెలుగులో ఏ విభక్తి అన్న ప్రశ్న వీరిద్దరి మధ్య ఎక్కడో అనాథగా పడి ఉంటుంది. అవధాని ధారణ కూడా అంతే. ఎనిమిది శతాబ్దాల పైబడిన పద్యవిద్య ఉన్న జాతి, ఆ ధారణ ఎలా పనిచేస్తుందని అడగవలసినంత గట్టిగా అడగలేదు. కాండెల్ నత్తను ఎంచుకున్నాడు. మనకు అవధానులున్నారు.

దీనికి ఎంఐటీ అంత డబ్బు కావాలనేది సాకు మాత్రమే. బ్రూక్‌లైన్ మేడలో ఉన్నవి కుర్చీలూ నల్లబల్లా అని పైన రాశాను. దొరకనిది వేరొకటి. తన విద్యలో తలపండిన ఆచార్యుడు, పరాయి విద్యలో ఒకటో తరగతి ప్రశ్న అందరి ఎదుటా అడగడానికి సిద్ధపడాలి. అవతలి ఆచార్యుడు దానికి నవ్వకుండా జవాబు చెప్పాలి. ఆ తరువాత ఎవరో ఒకరు ఓపికగా కూర్చుని దానిని రాసిపెట్టాలి. ఈ మూడూ జరిగితే, మొదట పెట్టుకున్న ఊహ తప్పైనా పెద్ద నష్టం లేదని ష్మిట్ సదస్సులు నాకు చెబుతున్నాయి. ఈ మూడూ జరగకపోతే ఊహ సరైనదైనా లాభం లేదేమో.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, నాడీశాస్త్రం కంటె మంచి మాట మిత్రులెవరికైనా స్ఫురిస్తే కింద రాయండి. బహువచనం చేయడానికి వీలైన మాటైతే మరీ సంతోషం.